నెట్ బడికొచ్చింది, తరగతిలోకే రానివ్వడం లేదు

సర్కారు బడి పిల్లలకు ఇంటర్నెట్ ఎందుకనే మాట ఇప్పుడు పెద్దమనుషుల మాటగా చెలామణీ అవుతోంది. టీవీ చర్చలో మానసిక వైద్యుడు అంటాడు, ఆదివారం అనుబంధంలో విశ్రాంత అధికారి రాస్తాడు, తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఊరి పెద్ద లేచి అదే చెప్తాడు. ఫోను చేతికొస్తే పిల్లలు చెడిపోతారు. ముందు అక్షరాలు రానివ్వండి, తర్వాత నెట్ సంగతి చూద్దాం. ట్యాబులిచ్చి చూశాం కదా, ఏమైంది? అయినా సార్లకే సరిగా రాదు, పిల్లలకేం చెప్తారు? ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. వినేవాళ్లు తలూపుతారు. బాధ్యత గల మాటల్లాగే వినిపిస్తాయి మరి. కానీ వీటిలో ఒక్కటీ విచారణకు నిలబడదు. అంతకంటే ముందు, ఈ వాదన మొదలవుతున్న చోటే తప్పుంది. ఇంటర్నెట్ ఇంకా బడి గేటు బయటే ఉందనీ, లోపలికి రానివ్వాలా వద్దా అని తీరిగ్గా ఆలోచించుకునే వ్యవధి మనకుందనీ వీళ్లు అనుకుంటున్నారు.

పొద్దున తొమ్మిదికి ముందు ఏదైనా సర్కారు బడికి వెళ్లి చూడండి. సార్లు, మేడమ్‌లు ఫోను ముఖానికెదురుగా పట్టుకుని వెలుతురున్న వైపు తిరుగుతూ, సిగ్నల్ కోసం ప్రహరీ గోడ దాకా నడుస్తూ కనిపిస్తారు. ముఖం గుర్తుపట్టి హాజరు వేయాల్సింది యాప్. అది అయ్యాక పిల్లల హాజరు. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం ఎంతమందికో ఆ లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో వంటగది, భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు తీసి ఎక్కించడానికి ఐఎంఎంఎస్ అని వేరే యాప్ పెట్టారు. పిల్లల కిట్లు పంచితే తల్లుల వేలిముద్ర. బడుల లెక్కల కోసం యూడైస్ వివరాలు, ఆధార్ సరిచూడటం, పిల్లల అపార్ గుర్తింపు నంబర్లు. ఎంఈఓ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో 'వెంటనే' అని ఒక మెసేజ్, కాసేపటికి 'ఇంకా పంపని బడులు' అని ఇంకో జాబితా. ఇదంతా ఇంటర్నెట్ కాకపోతే మరేమిటి? బడిలోకి వచ్చి ఎన్నేళ్లయింది! అదీ ఎవరి ఫోనులో? టీచరు సొంత డబ్బుతో కొనుక్కున్న ఫోనులో, సొంత డేటాతో.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ముఖ హాజరు తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అడిగింది ఇదే. పరికరం మీరివ్వండి, నెట్ మీరివ్వండి, అప్పుడు వేస్తాం అన్నారు. తెలంగాణ కూడా 2025 ఆగస్టు నుంచి టీచర్లకు ముఖ హాజరు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో యాప్‌లు మరీ ఎక్కువైపోయాయని ప్రభుత్వమే ఒప్పుకుని 2025లో వాటిని కలిపి లీప్ అనే ఒకే యాప్ చేసింది. సంతోషమే. యాప్‌లు తగ్గాయి, నింపాల్సిన గడులు తగ్గాయా అన్నది టీచర్లనే అడగాలి.

ఇక్కడో తమాషా చూడండి. 2023 ఆగస్టులో అదే ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ పిల్లలు బడికి ఫోన్లు తేవడాన్ని నిషేధించింది. టీచర్లు తరగతికి వెళ్లేముందు ఫోను హెడ్మాస్టరుకు అప్పగించాలంది. అంటే తొమ్మిదింటికి ఫోను లేకపోతే టీచరు బడికి రానట్టు లెక్క. తొమ్మిదిన్నరకు చేతిలో ఫోను ఉంటే టీచరు తప్పు చేసినట్టు లెక్క. ఈ మధ్యలో పిల్లల చేతిలో ఉన్న పాఠ్యపుస్తకం తెరిస్తే పాఠం పక్కనే క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని స్కాన్ చేస్తే 2017లో మొదలైన దీక్ష వేదికలో ఆ పాఠం వీడియో వస్తుంది. స్కాన్ చేయడానికి ఫోను కావాలి. ఫోను హెడ్మాస్టరు బల్ల మీద ఉంది. కోడ్ అచ్చు వేయించిందీ సర్కారే, ఫోను తీసుకున్నదీ సర్కారే.

కాబట్టి నెట్ రావాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు. వచ్చింది. టీచరు మీద నిఘాకు వచ్చింది, పైవాళ్లకు లెక్కలు పంపడానికి వచ్చింది, కింద నుంచి పైకి మాత్రమే పారుతోంది. అది అడుగుపెట్టని చోటు ఒక్కటే, టీచరూ పిల్లలూ కలిసి కూర్చునే ఆ నలభై అయిదు నిమిషాలు. నెట్ వల్ల ప్రమాదం ఉందని ఆందోళన పడేవాళ్లెవరూ ఈ అప్‌లోడ్ల గురించి ఒక్క మాటా అనలేదు. పిల్లల ముఖాలు, ఆధార్ నంబర్లు, తల్లుల వేలిముద్రలు రోజూ ఆ తీగల మీద పోతుంటే రాని బెంగ, ఎనిమిదో తరగతి పిల్ల గూగుల్‌లో ఏదో వెతికితే వస్తోంది.

ఇక పిల్లలు చెడిపోతారన్న మాట. గ్రామీణ ప్రాంతాల్లో పిల్లల చదువును అంచనా వేసే అసర్ 2024 నివేదిక ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతానికి స్మార్ట్‌ఫోను ఉంది. 82 శాతం పిల్లలకు వాడటం వచ్చు. సర్వే ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడ పుట్టింది? బళ్లో కాదు. పడకలో, అరుగు మీద, పొలం గట్టున పుట్టింది, పెద్దవాళ్లెవరూ పక్కన లేని చోట పుట్టింది. నెట్‌ను దేనికి వాడొచ్చో ఆ పిల్లలకు చూపించిన పెద్ద మనిషి ఒక్కరూ లేరు. చూపించగల ఒక్క చోటికి మనం తాళం వేశాం. రీల్స్ చూస్తున్నారని తిట్టడానికి మాత్రం నోరొస్తుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. అసర్ 2023 నివేదిక 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను చూసింది. ఫోను వాడటం వచ్చిన మగపిల్లల్లో 43.7 శాతానికి సొంత ఫోను ఉంటే, ఆడపిల్లల్లో 19.8 శాతానికే ఉంది. తమ్ముడు అడిగితే దొరుకుతుంది, అక్క అడిగితే ఎందుకని అడుగుతారు. ఇంటి ఫోను నాన్న జేబులో వెళ్లి రాత్రికి తిరిగొస్తుంది. అలాంటి ఇంటి పిల్లకు, పక్కన ఎవరూ గద్దించకుండా నాలుగు విషయాలు వెతుక్కోగలిగే చోటు బడి తప్ప ఇంకోటి లేదు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం చదువుకునే వేళ ఫోన్లు అప్పగించాలన్న నిబంధనను ఒప్పుకోని డిగ్రీ విద్యార్థినిని బయటికి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని కోర్టు చెప్పింది, ఆ అమ్మాయిని మళ్లీ చేర్చుకోమంది. అది కాలేజీ పిల్ల విషయం, నిజమే. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో తొమ్మిది చదివే పిల్లకు ఆ హక్కు ఎక్కడి నుంచి మొదలవుతుందో చెప్పే బాధ్యత, ఆ పిల్లకు అది లేదనేవాళ్ల మీదే ఉంది.

ఈ మధ్య విదేశాల పేర్లు కూడా తెచ్చి బెదిరిస్తున్నారు. యునెస్కో వద్దంది, స్వీడన్ వెనక్కి పోయింది, ఫ్రాన్స్ నిషేధించింది అంటారు. తెరిచి చదివితే వేరే కథ ఉంటుంది. ఫ్రాన్స్ 2018లో నిషేధించింది పిల్లల జేబులో ఫోన్లను. బోధన కోసం వాడుకోవడాన్ని ఆ చట్టం మినహాయించింది. స్వీడన్‌లో పాఠ్యపుస్తకాల స్థానంలోకి తెరలు వచ్చేశాయి. అది అతి అయిందని 2023లో అక్కడి ప్రభుత్వం పుస్తకాలు కొనడానికి డబ్బు కేటాయించింది. ఇంటర్నెట్‌లో మునిగి తేలినవాళ్లు పుస్తకాలు కొంచెం పెంచుకోవడం చూసి, నీళ్లే ముట్టని మనం ఒడ్డున నిలబడి 'అదుగో, చూశారా' అనడం బాగుందా? యునెస్కో 2023 నివేదిక పేరులోనే ప్రశ్న ఉంది. చదువులో సాంకేతికత ఎవరి షరతుల మీద పనిచేయాలి అని అది అడిగింది. చదువుకునేవాళ్ల, చదువు చెప్పేవాళ్ల షరతుల మీద ఉండాలన్నది దాని వాదం. మన దగ్గర ఆ నివేదికను చూపించి టీచరు చేతిలో ఫోను లాక్కున్నారు. రాసినవాళ్లు ఇది చూస్తే ఏమనుకుంటారో!

'ముందు అక్షరాలు' వాదానికి గౌరవం ఇవ్వాలి, ఎందుకంటే అది అబద్ధం మీద నిలబడలేదు. అదే అసర్ 2023 ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల వాళ్లలో నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠాన్ని కూడా గడగడా చదవలేరు. ఇది సిగ్గుపడాల్సిన విషయమే. కానీ దీన్నుంచి నెట్ వద్దనే తీర్మానం ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. తొమ్మిదో తరగతి గదిలో మూడో తరగతి చదువు దగ్గర ఆగిపోయినవాడు, ఆరో తరగతి దగ్గర ఆగినవాడు, తొమ్మిది దాటి పోయినవాడు ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు. ఒక్క టీచరు, ఒక్క పాఠం. వెనకబడ్డవాడికి ఈ ఏడూ అర్థం కాదు, వచ్చే ఏడూ కాదు. ఢిల్లీలో సర్కారు బడుల మాధ్యమిక తరగతుల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కార్తిక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన ఆ అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. బడి అయ్యాక పిల్లలు కేంద్రానికి వెళ్తారు. మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమం ఒక్కో పిల్ల ఎక్కడ ఆగిపోయిందో పట్టుకుని అక్కడి నుంచే లెక్కలు, హిందీ చెప్తుంది. పక్కన బోధకుడు ఉంటాడు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో రెంటిలోనూ గణనీయమైన మెరుగుదల కనిపించింది, బాగా వెనకబడ్డవాళ్లకు కూడా. అక్షరాలు వచ్చాక యంత్రం కాదు, అక్షరాలు రావడానికే యంత్రం పనికొచ్చింది.

ఈ 'ముందు అది, తర్వాత ఇది' అన్న వరస ఎవరికి వర్తిస్తుందో కూడా గమనించాలి. ఇంటర్నేషనల్ అని బోర్డు పెట్టుకున్న బళ్లో, బస్సు ఎక్కేటప్పుడు నిద్రపోయే మూడో తరగతి పిల్లాడికి ప్రాజెక్టు వర్క్ ఇస్తారు, వాడు నెట్‌లో చూసి పులి బొమ్మ అతికించుకొస్తాడు. వాడికి అక్షరాలన్నీ వచ్చాయా అని ఎవరూ పరీక్ష పెట్టరు. వ్యాసం రాసే విశ్రాంత అధికారి మనవడు కూడా ఆ బస్సులోనే ఉంటాడు. నాకు ఆ పిల్లాడి మీద కోపం లేదు. ఆ తాతయ్య వరస మీదే ఉంది.

ట్యాబుల విషయానికి వస్తే, అది నిజంగా జరిగిన పెద్ద ప్రయోగం, దాన్నుంచి ఏం నేర్చుకోవాలో మాత్రం తప్పుగా నేర్చుకుంటున్నాం. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టారు. అందులో బైజూస్ పాఠాలు ముందే ఎక్కించారు. నెట్ లేకపోయినా నడిచేలా చేసి, వేరే వాటికి పోకుండా తాళం వేశారు. ఆ తాళం తీయించుకుని సినిమాలు, ఆటలు చూసిన పిల్లల గురించి జిల్లా పేజీల్లో వార్తలొచ్చాయి. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇదిగో, ఇంటర్నెట్ ఇస్తే ఇంతే అని దీన్నే చూపిస్తారు. ఏమండీ, ఇచ్చింది ఇంటర్నెట్ ఎక్కడ? ఒకే కంపెనీ పాఠాలు నింపిన డబ్బా కదా ఇచ్చింది! టీచరును పక్కకు జరిపి, ఎక్కడో చిత్రీకరించిన పాఠాన్ని పిల్లల ముందు పెట్టారు. ఆ సార్ చెప్పింది అర్థం కాలేదని ఆ తెరను అడగలేరు. మా ఊరి సంగతి చూపించమని అడగలేరు. ఆ పథకంలో లేకపోయిన రెండూ ఏవంటే, తెరిచిన నెట్, దాన్ని నడిపించే టీచరు. అవి లేక విఫలమైనదాన్ని చూపించి అవే వద్దనడం ఏ తర్కం?

పెరూ దేశం మనకంటే ముందే ఈ దారిలో పోయింది. పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద లక్షల యంత్రాలు పల్లె బడులకు పంచింది. 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు చూస్తే లెక్కల్లో, భాషలో ఏ తేడా కనిపించలేదు. మన పెద్దమనుషులకు ఈ అధ్యయనం ప్రాణం. అదే అధ్యయనంలో ఉన్న ఇంకో సంగతి మాత్రం చెప్పరు. వాళ్లు చూసిన బడుల్లో ఇంటర్నెట్ ఉన్నవి లేవనే చెప్పాలి. ఆ తర్వాత లీమా నగరంలో ఇంకో బృందం పిల్లల ఇళ్లకే ల్యాప్‌టాప్‌తో పాటు వేగంగా నడిచే నెట్ ఇచ్చి చూసింది. పిల్లలకు కంప్యూటర్, నెట్ వాడటం బాగా వచ్చింది, లెక్కలూ చదవడమూ పెరగలేదు. ఈ ఫలితాన్ని దాచుకోవలసిన పని నాకు లేదు. టీచరు లేకుండా నెట్ ఇస్తే నెట్ వాడటమే వస్తుందని అది చెప్తోంది, నేను చెప్తున్నదీ అంతే.

అవతలి గట్టున కూడా కొందరున్నారు. 1999లో సుగతా మిత్రా ఢిల్లీ కాల్‌కాజీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చాడు. మురికివాడ పిల్లలు ఎవరూ చెప్పకుండానే దాన్ని వాడటం నేర్చుకున్నారు. అక్కడి నుంచి, పిల్లలకు నెట్ ఒక్కటి చాలు, టీచరు అడ్డం రాకపోతే చాలు అనే దాకా వెళ్లిపోయింది ఆ ఆలోచన. 2013లో దానికి 10 లక్షల డాలర్ల టెడ్ బహుమతి కూడా వచ్చింది. నేను ఈ గుంపులోనూ లేను. టీచరు పోస్టులు భర్తీ చేయని ప్రభుత్వాలకు ఇంతకంటే తియ్యని సిద్ధాంతం దొరకదు. నెట్ వద్దనేవాళ్లూ, నెట్ ఉంటే టీచరు వద్దనేవాళ్లూ ఒక విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. ఇద్దరికీ టీచరంటే నమ్మకం లేదు.

సరే, తెరిచిన నెట్ ఇస్తే సర్కారు బడి టీచరు దాంతో ఏం చేస్తారు? వీడియో వేసి కూర్చుంటారని అనుకుంటున్నట్టున్నారు. గుంటూరు, ప్రకాశం వైపు ఏడో తరగతి లెక్కల గంట తీసుకుందాం. పాఠం శాతాలు. పుస్తకంలో ఎవరో కొన్ని యాపిల్స్ కొని అమ్ముతారు. ఆ గదిలో సగం ఇళ్లలో మిర్చి పండుతుంది. కేంద్ర ప్రభుత్వం నడిపే అగ్‌మార్క్‌నెట్ తెరిస్తే మార్కెట్ యార్డుల ధరలు క్వింటాలుకు ఎంత పలికాయో, తక్కువెంత, ఎక్కువెంత, ఎక్కువమందికి దక్కింది ఎంత అని ఉంటాయి. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత శాతం పడింది? వాళ్ల నాన్న అమ్మిన ధరకూ అత్యధిక ధరకూ తేడా ఎంత? ఆ తేడా ఎవరికి పోయింది? చివరి ప్రశ్న లెక్కల సిలబస్‌లో లేదు, గానీ పిల్లలు అడుగుతారు. అడగనివ్వాలి.

భూగోళం గంటలో భువన్ తెరవొచ్చు. 2009లో ఇస్రో పెట్టిన ఈ పటాల వేదికను హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే నడుపుతోంది. బడి పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి వేరే విభాగం కూడా చేశారు. అందులో ఖండాలు, సముద్రాలు చూపించడం కంటే ముందు ఊరి చెరువు చూపించాలి. తెలంగాణలో చెరువు లేని పాఠం చెప్పడం ఎలాగూ కష్టం. ఉపగ్రహం తీసిన పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెడితే శిఖం భూమిలోకి ప్లాట్లు ఎంత మేర వచ్చాయో ఆరో తరగతి పిల్ల కొలిచి చెప్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను పాఠం చెప్పడానికి తీరం వెంబడి బడులకు ఇంతకంటే మంచి పుస్తకం దొరకదు. వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఆ తుపాను నడిచిన దారి, పీడనం, గాలి వేగం ఎలా మారుతూ వచ్చాయో ఉంటాయి. తమ ఊళ్లో కప్పులు లేచిపోయిన వేళ ఆ సుడి ఎక్కడుందో పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు.

ప్రయోగశాల లేని హైస్కూళ్లు ఎన్నో. భౌతికశాస్త్రంలో విద్యుత్ వలయం పాఠం బోర్డు మీద గీతలతో అయిపోతుంది. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఫెట్ నమూనాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. బల్బు తీసి నిరోధం పెడితే ఏమవుతుందో పిల్లలే తెర మీద మార్చి చూస్తారు. అసలు బల్బు, అసలు తీగ దొరికితే వాటితోనే చేయాలి, సందేహం లేదు. దొరకనప్పుడు సుద్దముక్క కంటే ఇది నయం.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది పౌరశాస్త్రం గంట. గ్రామ పంచాయతీ పాఠం దశాబ్దాలుగా చెప్తున్నాం. సర్పంచి ఎవరు, వార్డు సభ్యులు ఎందరు, విధులు ఏవి అని వల్లెవేస్తారు, మార్కులు వేస్తాం. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో ఏ పంచాయతీకి ఏ పనులు అనుకున్నారో, దేనికి ఎంత చెల్లించారో ఎవరైనా చూడొచ్చు. బడి ముందు మురుగు కాలువకు డబ్బు చెల్లించినట్టు అక్కడ ఉండి, కిటికీలోంచి చూస్తే కాలువ లేదనుకోండి. ఆ రోజు పాఠం ఎవరికీ మర్చిపోవడం కుదరదు. తరగతి గదిలో నెట్ అంటే పెద్దమనుషులకు అసలు ఇబ్బంది ఎక్కడుందో నాకు అప్పుడప్పుడూ ఇక్కడే అనుమానం వస్తుంది. పిల్లలు చెడిపోతారని కాదేమో, ఇలా చదువుకుంటారనేమో.

నెట్‌లో అబద్ధాలు ఎక్కువ, పిల్లలు నమ్మేస్తారు అంటారు. అందుకే కదా బళ్లో కావాలనేది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు నమ్మి తెలుగు రాష్ట్రాల్లో అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు తీశారు. కొట్టినవాళ్లు బడి పిల్లలు కారు, పెద్దవాళ్లు. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, పాటలు కట్టించి, ఆ వీడియోలు నిజం కావని చెప్పించారు. చాలా మంచి పని, కానీ అది పోలీసు చేయాల్సి వచ్చింది. అదే ఏడాది కేరళలోని కన్నూరు జిల్లాలో కలెక్టర్ మీర్ మొహమ్మద్ అలీ చొరవతో సర్కారు బడుల్లో 'సత్యమేవ జయతే' అనే తరగతులు పెట్టారు. టీకాల గురించి వచ్చిన పుకార్ల వల్ల పిల్లలకు సూది వేయించడానికి తల్లిదండ్రులు జంకిన అనుభవం ఆ జిల్లాకు అప్పటికే ఉంది. వచ్చిన మెసేజ్ ఎవరు రాశారు, ఫొటో ఎప్పటిది, దీన్ని ఇంకెవరైనా చెప్పారా అని అడగడం పిల్లలకు నేర్పారు. నెట్ లేని గదిలో ఈ పాఠం చెప్పడం కుదరదు. మన దగ్గరా చేయొచ్చు. తెలుగు వికీపీడియాలో రెవెన్యూ గ్రామాలకు వేల సంఖ్యలో పేజీలున్నాయి, చాలావరకు 2011 జనగణన లెక్కలతో నింపినవి. ఎనిమిదో తరగతి పిల్లల్ని తమ ఊరి పేజీ తెరిచి తప్పులు పట్టమనండి. బడి లేదని రాసి ఉంటుంది, తామేమో ఆ బళ్లోనే కూర్చుని ఉంటారు. ఆధారం చూపించి దిద్దమనండి. తెర మీద కనబడేదంతా ఎవరో ఒక మనిషి రాసిందేనని, అది తప్పు కావచ్చని, దిద్దొచ్చని తెలియడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

సార్లకే రాదు అన్నది చివరి మాట. ఇది విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. రోజుకు ఇన్ని యాప్‌లలో, సర్వర్ బిజీ అని వస్తుంటే రాత్రి పది దాకా కూర్చుని, ఓటీపీ కోసం తల్లులకు ఫోన్లు చేసి వివరాలు ఎక్కించేది ఎవరు? 2020లో బడులు మూతపడితే తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వేశారు. పిల్లలు చూశారా లేదా అని వాట్సాప్ గ్రూపులు కట్టి, ఇంటి దగ్గర పుస్తకాలు దిద్దింది ఎవరు? లెక్కలు ఎక్కించేటప్పుడు వచ్చిన కంప్యూటర్ జ్ఞానం, పాఠం చెప్పేటప్పుడు ఎటు పోతుంది? టీచర్లలో రానివాళ్లు లేరని కాదు. వాళ్లకు మనమిచ్చే శిక్షణ చూడండి. కొత్త యాప్ వచ్చినప్పుడు మండల వనరుల కేంద్రంలో (ఎంఆర్సీ) ఒక పూట, ఏ బటన్ ఎక్కడుందో చెప్పి పంపడం. పాఠంలో నెట్ ఎలా కలపాలన్న మాట అక్కడ రాదు.

దక్షిణాదిలోనే ఇంకో రాష్ట్రం ఇది ఎలా చేసిందో అందరికీ తెలుసు, చూడబుద్ధి కావడం లేదంతే. కేరళ 2001లోనే ఐటీ@స్కూల్ మొదలుపెట్టింది. కంపెనీ పాఠాలు కొనలేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకుంది, దాన్ని తమ భాషకూ తమ పుస్తకాలకూ తగ్గట్టు టీచర్లే మలిచారు. ముందు టీచర్లకు నేర్పింది, ఆ టీచర్లనే మిగతావాళ్లకు నేర్పేవాళ్లుగా నిలబెట్టింది. తర్వాత ఆ సంస్థే కైట్ అయింది, 45,000 తరగతి గదుల్లో పరికరాలు పెట్టింది, లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు కట్టింది. 2020 అక్టోబరు 12న ప్రభుత్వ బడులన్నీ డిజిటల్ అయ్యాయని ప్రకటించుకోగలిగింది. అంటే పరికరాల కంటే టీచరు మీద పెట్టుబడి దాదాపు రెండు దశాబ్దాల ముందు పడింది. అక్కడి సర్కారు బడులు స్వర్గమని చెప్పను. కానీ అక్కడి టీచరును పనికిరాని మనిషిగా కాక, పని చేయించాల్సిన మనిషిగా చూశారు.

డబ్బెక్కడిది అనే ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు, ఎందుకంటే అడిగితే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. 2024-25 యూడైస్ ప్రకారం దేశంలో 63.5 శాతం బడుల్లో ఇంటర్నెట్ ఉంది. అంతకు ముందు ఏడాది 53.9 శాతం. ఒక్క ఏడాదిలో ఇంత పెరిగిందంటే తీగ లాగడం పెద్ద సమస్య కాదు. సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏటా 50,000 రూపాయల కాంపోజిట్ గ్రాంటు లెక్క. అందులోనే సుద్ద, కరెంటు బిల్లు, మరమ్మతులు, అది సకాలంలో రాదు, వచ్చినా అరకొరగా వస్తుంది, నిజమే. కానీ నెలకు ఆరేడొందల బ్రాడ్‌బ్యాండ్ బిల్లుకు వేరే పద్దు తెరిచి నేరుగా బడి పేరున కట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు, ముఖ్యమంత్రి బొమ్మ ఉన్న డబ్బా అక్కర్లేదు, కంపెనీతో ఒప్పందం అక్కర్లేదు.

కనెక్షన్ ఉన్న చాలా బడుల్లో ఇవాళ రౌటర్ హెడ్మాస్టరు గదిలో బీరువా పైన ఉంటుంది, ఎందుకంటే అప్‌లోడ్లు జరిగేది అక్కడ. సిగ్నల్ వరండా దాటదు. తరగతి గోడకు బిగించిన పెద్ద డిజిటల్ తెరకు టీచరు తన ఫోను హాట్‌స్పాట్ పెట్టాలి, ఆ ఫోను మళ్లీ హెడ్మాస్టరు బల్ల మీదే ఉంది. మొదట చేయాల్సిన పని ఆ రౌటర్‌ను తరగతుల మధ్యకు మార్చి, పాస్‌వర్డ్ టీచర్లకు ఇవ్వడం. ఆ గంటలో ఏ పేజీ తెరవాలో నిర్ణయించేది టీచరే అని ఒక కాగితం మీద రాసి డీఈఓ సంతకం చేయడం రెండో పని. మొదటి పనికి ఒక ఎలక్ట్రీషియన్ చాలు. రెండోది ఇన్నేళ్లుగా ఏ ప్రభుత్వమూ చేయలేదు.